ప్రింటరూ, పాటగాళ్ళ కోట్లూ

దర్జీ కొట్టు, వెనక గది
వానలు మొదలైన వారం

కొండెక్కి కూర్చున్న ఆడపడుచు గారికి,

నువ్వు క్షేమంగానే ఉంటావు, అడగక్కర్లేదు. గాలి ఎటు వీచిందో, వాన ఎంత కురిసిందో కొలిచి జీతం తీసుకునేవాళ్ళకి కష్టాలేముంటాయి. కష్టాలన్నీ నువ్వు ఇచ్చిపోయిన కంప్యూటరుతో నాకే వచ్చాయి.

పోయినసారి వచ్చినప్పుడు నీ పాత కంప్యూటరు నా ఒళ్ళో పెట్టి, ఇందులో లినక్స్ వేశాను వదినా, వైరస్సులు రావు, పైసా కట్టక్కర్లేదు, హాయిగా ఉంటుంది అన్నావు. హాయిగానే ఉంది. బట్టల నమూనాలు గీసే ప్రోగ్రాం కూడా నువ్వు నేర్పినట్టే వాడుతున్నాను. కొలతలు కొడితే ముందు భాగం, వెనక భాగం, చేతులు, కాలరు అన్నీ తెర మీద గీసి పెడుతుంది. కానీ తెర మీది గీత గుడ్డ మీదకి దానంతట అది దిగదు కదా. కాగితాల మీద అచ్చు తీసి, వాటిని అతికించి, గుడ్డ మీద పరిచి కత్తిరించాలి. అందుకని వైరు లేని ప్రింటరు ఒకటి కొన్నాను.

కొట్టువాడు నాది ఏ సిస్టమ్ అని అడిగాడు. లినక్స్ అన్నాను. తాతల నాటి గడియారానికి తాళంచెవి అడిగినట్టు నా మొహం చూశాడు. లోపలికి వెళ్ళి ఇంకొకాయన్ని తీసుకొచ్చాడు, ఆయనా నా మొహమే చూశాడు. చివరికి ఇద్దరూ కూడబలుక్కుని, పనిచేస్తే చెయ్యొచ్చు అని చెప్పి డబ్బా చేతికిచ్చారు.

ఫోనుతో దాన్ని ఇంటి వైఫైకి కలిపాను. నీలం దీపం మిలమిలా మెరుస్తోంది. కంప్యూటరుని అడిగితే ప్రింటర్లేవీ దొరకలేదంటోంది. రెండూ ఒకే బల్ల మీద మోచేతి దూరంలో ఉన్నాయి, మాటల్లేని తోటికోడళ్ళలాగా. నీకు ఫోను చేద్దామంటే నీ కొండ మీద ఫోను పలకదాయె. కూరగాయల బండితో వచ్చే టపాయే నాకు గతి.

తొందరెందుకంటే, పాటల బృందం వాళ్ళు చలికాలం కచేరీకి కోట్లు కుట్టమన్నారు. అందరికీ ఒకే రకం కోటు. త్వరగా ఏదో ఒక దారి చెప్పు. మీ అన్నయ్యకి బేరాలతో తీరిక లేదు, అందుకే ఉత్తరం చివర తన ముక్కలు రాయలేదు.

మీ వదిన

—

వాతావరణ కేంద్రం, కొండ మీద
మబ్బు తెరిపిచ్చిన రోజు

ప్రింటరు కొన్న వదినకు,

నీ ఉత్తరం టమాటాల బుట్ట కింద నలిగి, ఒక మూల ఎర్రబడి చేరింది. చదివి నవ్వుతుంటే మా వంటాయన ఏమిటని అడిగాడు. చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడు కేంద్రం కేంద్రమంతా నీ ప్రింటరు గురించే మాట్లాడుకుంటోంది. ఇక్కడ వానా గాలీ తప్ప కబుర్లు ఉండవు కదా, మాకు నువ్వే సీరియల్ అయ్యావు.

టపాలో కంప్యూటరు బాగుచెయ్యడం లోకంలో నేనే మొదలుపెట్టి ఉంటాను. నేను "సరే నొక్కు" అని రాసేసరికి నువ్వు కోపంతో ఇంకేదో నొక్కేసి ఉంటావు. అయినా ప్రయత్నిద్దాం. దయచేసి చెప్పినంతే చెయ్యి, నీ తెలివి కలపకు.

ప్రింటరూ కంప్యూటరూ ఒకే వైఫైలో ఉన్నాయా చూడు. మీ ఇంట్లో రౌటరు రెండు పేర్లతో కనిపిస్తుంది. ఒకటి ఇంటివాళ్ళకి, ఇంకొకటి వచ్చేపోయేవాళ్ళకి. వేరువేరు పేర్లలో ఉంటే పక్కపక్కనే కూర్చున్నా ఒకదానికొకటి కనపడవు. రెండింటినీ ఇంటివాళ్ళ పేరు మీదకి తెచ్చి, ప్రింటర్ల పేజీ తెరిచి, "చేర్చు" అన్నది నొక్కు.

అన్నట్టు, నమూనాల ప్రోగ్రాం సరదాకి నేర్పాను, అసలు నీకు ప్రింటరు దేనికి? అన్నయ్య సుద్దముక్క పట్టుకుంటే గుడ్డ మీద నేరుగా గీత దిగుతుంది. కాగితం నమూనా పెట్టుకునే దర్జీలని చూసి, కర్రసాయంతో నడిచేవాళ్ళురా అని నవ్వేవాడు. ఆయన ఊరుకున్నాడా? బేరాలతో తీరిక లేకపోవడమేమిటి, ఎంత పనిలో ఉన్నా ఉత్తరం చివర నన్ను ఒక్క తిట్టయినా తిట్టేవాడు. ఈసారి తిట్టించి పంపు.

నీ మరదలు

—

దర్జీ కొట్టు, వెనక గది
గుడ్డలు ఆరని రోజుల్లో

సీరియల్ చూస్తున్న కొండవాసులందరికీ,

నువ్వన్నది నిజమే. ప్రింటరు ఇంటివాళ్ళ వైఫైలో దర్జాగా ఉంది, కంప్యూటరేమో వచ్చేపోయేవాళ్ళ దాంట్లో ఉంది. ఇన్నాళ్ళూ మన కంప్యూటరు మన ఇంట్లోనే చుట్టంలా కూర్చుందన్నమాట. మార్చాను. ప్రింటరు కనపడింది. నీకు దండం పెట్టి, పాటల మాస్టారి కోటు ముందు భాగం పంపాను.

ఇక్కడ నేను కాస్త తెలివి కలిపిన మాట నిజం. చేర్చేటప్పుడు అది ఏ రకం ప్రింటరని ఒక పొడుగాటి జాబితా చూపించింది. మనది అందులో లేదు. పేరు కాస్త దగ్గరగా ఉన్నది ఒకటి కనపడితే, అన్నదమ్ములే అయ్యుంటారని దాన్ని ఎంచాను. ప్రింటరు కదిలింది. నా ఆనందం చూడాలి నువ్వు. మొదటి కాగితం మీద ఒక వరస పిచ్చి గుర్తులు. రెండో దాని మీద రెండు వరసలు. తర్వాత కాగితం వెనక కాగితం, ఒక్కోదాని మీద అరచేతిలో పట్టేన్ని గుర్తులు పెట్టి నా మీదకి విసిరింది. ఆపు అంటే ఆగదు. కరెంటు వైరు పీకితే ఆగింది, మళ్ళీ పెడితే మిగతాది అందుకుంది. ట్రేలో కాగితం అయిపోయేదాకా నేను పక్కన నిలబడి చూశాను, చేసేదేముంది.

మీ అన్నయ్య తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూసి, వీధి గదిలోకి వెళ్ళిపోయాడు. తిట్టించి పంపమన్నావు కదా, ఆయన కళ్ళజోడు మార్చాలి, అక్షరాలు ఆనడం లేదు. మార్చాక రాస్తాడు. నువ్వు ముందు ఈ పిచ్చి కుదిర్చే మందు చెప్పు.

నీ వదిన

—

వాతావరణ కేంద్రం, కొండ మీద
గాలి తగ్గని వారం

అన్నదమ్ముల్ని గుర్తుపట్టిన వదినకు,

నీ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర పైకి చదివాను. వైరు పీకావన్న చోట మా పెద్దాఫీసరు గారు నీళ్ళు తాగుతూ పొలమారారు. నీకు ఆయన నమస్కారాలు.

తప్పు నీది కాదు. వేరే ప్రింటరు భాషలో దానితో మాట్లాడితే, అది అర్థంకాక వచ్చినదంతా అక్షరాలనుకుని అచ్చేసింది. ఇప్పుడు చేర్చినదాన్ని తీసెయ్యి. ముందు ఆగిపోయిన పనులన్నీ రద్దు చెయ్యి, లేకపోతే మళ్ళీ అందుకుంటుంది. ఆ తర్వాత మళ్ళీ "చేర్చు" నొక్కు. ఈసారి ఆ పొడుగాటి జాబితా జోలికి పోకు. పైన "డ్రైవర్‌లెస్" అని ఒకటి ఉంటుంది. డ్రైవరంటే మన బండి తోలే ఆయన కాదు, ఒక్కో ప్రింటరుతో మాట్లాడ్డానికి పెట్టుకునే దుబాసీ. ఇప్పటి ప్రింటర్లకి ఆ దుబాసీ లేకుండానే లినక్స్‌తో మాట్లాడటం వచ్చు. దాన్నే ఎంచు, ఒక్కటే కాగితం పెట్టు, ఒక్క కాలరు అచ్చు తియ్యి.

ఇది నాకూ నీకూ మధ్య మాట, బల్ల దగ్గర చదవను. అన్నయ్య కళ్ళజోడు నేనున్నప్పుడే మార్చాడు. నేనే వెంట వెళ్ళి ఫ్రేము ఎంచాను, నచ్చలేదని వారం రోజులు సణిగాడు. ఒకసారి తీరిక లేదన్నావు, ఇంకోసారి కళ్ళజోడన్నావు. వదినా, నీకు అబద్ధం చెప్పడం రాదు. కటింగు బల్ల ముందు ఉండాల్సిన మనిషి తలుపు దగ్గర ఎందుకు నిలబడ్డాడు? చెప్పకపోతే సెలవు పెట్టి దిగొస్తాను.

నీ మరదలు

—

దర్జీ కొట్టు, వెనక గది
ఎండ వచ్చిన రోజు

మరదలికి,

ముందు మంచి కబురు. ప్రింటరు దారికొచ్చింది. దుబాసీని పంపించేశాను, కాలరు నిఖార్సుగా వచ్చింది. గదిలో ఎవరూ లేరు కాబట్టి ప్రింటరు నెత్తి మీద ముద్దు కూడా పెట్టాను, అది మాత్రం పెద్దాఫీసరు గారికి చదివి వినిపించకు. తర్వాత కోటు భాగాలు తీస్తే కాగితం అంచుల దగ్గర గీతలు తెగిపోయాయి. నీకు రాసి కూర్చుంటే కచేరీ అయిపోతుందని నేనే వెతికాను. "పేజీకి సరిపెట్టు" అని ఒక గడి ఉంది. టిక్కు పెట్టగానే గీతలన్నీ బుద్ధిగా లోపలికొచ్చాయి. కాగితాలు అతికిస్తే గీతకి గీత కలిసింది. నీ సాయం లేకుండా చేసిన మొదటి పని, కాస్త మెచ్చుకో.

ఇప్పుడు రెండోది. మీ అన్నయ్య కుడి చెయ్యి వణుకుతోంది. వేసవిలో మొదలైంది. నీరసమనుకున్నాం. తర్వాత సుద్దగీత వంకర పోవడం మొదలైంది. ఒకామె ఎంతో ఇష్టంగా దాచుకున్న పట్టుగుడ్డ తెస్తే, కత్తెర పక్కకి జారి మధ్యకి తెగింది. ఆమె మంచిది, పోనీలెండి అంది. ఆయనే కత్తెర కింద పెట్టి, మళ్ళీ ముట్టుకోలేదు. డాక్టరుకి చూపించాం. మందులు వాడితే పెరక్కుండా ఉంటుందట, మునుపటిలా మాత్రం కాదట.

నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. చిన్నదాని ముందు చిన్నబోలేను అన్నాడు. నేను ఒట్టు తప్పాను, నువ్వు నాకు చెడ్డపేరు తేకు.

కటింగు బల్ల అమ్మేసి కొట్టు మూసేద్దామంటాడు. ఈ ఒక్క పనీ నన్ను చెయ్యనివ్వమని నేను బతిమాలాను. పాటల వాళ్ళ కోట్లు కుదిరితే కొట్టు ఉంటుంది, కుదరకపోతే బల్ల అమ్మేద్దాం, మళ్ళీ మాట్లాడొద్దు అన్నాడు. ప్రింటరు ఎందుకని అడిగావుగా, ఇందుకు. ఆయన ఆ కాగితాల వంక చూడడు. పగలంతా వీధి గదిలో కూర్చుని పాత బొత్తాలు రంగు రంగుగా ఏరి డబ్బాల్లో వేస్తుంటాడు. నాకు చూడబుద్ధి కావడం లేదు.

కొత్త నమూనాతో మొదటి కోటు నీకే కుట్టాను, దీనితో పంపుతున్నాను. మిగతావి కత్తిరిస్తున్నాను.

వదిన

—

వాతావరణ కేంద్రం, కొండ మీద
మంచు పడిన పొద్దున

వదినా,

నీ ఉత్తరం గాలి కొలిచే స్తంభం మెట్ల మీద కూర్చుని చదివి ఏడ్చాను. అమ్మా నాన్నా పోయాక నా చదువంతా ఆ చేతి మీదే నడిచింది. ఆ చెయ్యి బాగాలేదని తెలియకుండా సుద్దముక్క గురించి హాస్యాలాడాను. నాకు చెప్పావు, ఆ మేలు ఎప్పటికీ మరిచిపోను. అన్నయ్య దగ్గర నోరు మెదపను.

ఇక కోటు. వదినా, కూర్చుని చదువు.

అది నాకు పట్టలేదు. మొదట నన్నే అనుమానించుకున్నాను. కానీ మా వంటాయన వంటకి ఇక్కడ అందరం చిక్కిపోతున్నాం, నా పాత కోటు వదులైంది. మరి కొత్తది బిగుతెందుకైంది? పాతదీ కొత్తదీ మంచం మీద పక్కపక్కన పరిచాను. ఛాతీ తక్కువ, సరే. చేతులు తక్కువ. నిడివి తక్కువ. కాలరు తక్కువ. జేబు కూడా తక్కువ. అన్నీ ఒకే లెక్కన తగ్గాయి. కుట్టడంలో పొరపాటైతే ఒక చోట తగ్గుతుంది, ఇలా ఒళ్ళంతా తగ్గదు.

నువ్వు టిక్కు పెట్టిన గడి ఉంది చూడు, అది గీతల్ని లోపలికి తెచ్చింది బొమ్మ మొత్తాన్ని కుదించి. అన్ని కాగితాలనీ ఒకేలా కుదించింది కాబట్టే గీతకి గీత కలిసింది. ఉత్తరాలకి, ఫొటోలకి అది బాగానే ఉంటుంది. బట్టల నమూనాకి మాత్రం ఎప్పుడూ "అసలు సైజు", నూటికి నూరు. అంచులు తెగితే కాగితం చుట్టూ ఖాళీ ఎక్కువ వదలమని నమూనా ప్రోగ్రాంలోనే చెప్పాలి. ఇకనుంచి ప్రతిసారీ ముందు ఒక జానెడు చదరం గీసి, అచ్చు తీసి, టేపుతో కొలిచి చూడు.

ఎన్ని కోట్లు కత్తిరించావు? ఈ ఉత్తరం చేరేదాకా ఒక్కటి కూడా ఇచ్చి ఉండకూడదని కోరుకుంటున్నాను. మంచుకి దారి మూశారు, బండి దిగడం ఆలస్యమవుతుందంటున్నారు.

నీ మరదలు

—

దర్జీ కొట్టు, కటింగు బల్ల దగ్గర
కచేరీ దగ్గరపడుతుండగా

నా ప్రాణానికి వచ్చిన లినక్స్ ఆడపడుచుకు,

అన్నీ ఇచ్చేశాను.

నీ ఉత్తరం రాకముందే వాళ్ళు ఒక్కొక్కరే కోటు పట్టుకుని వెనక్కి వచ్చారు. కొలతలు నేనే తీశాను, కంప్యూటరులోకి నేనే కొట్టాను, తప్పెలా ఉంటుంది? అందుకని వచ్చినవాళ్ళకల్లా మర్యాదగా, ఈ మధ్య కాస్త ఒళ్ళు చేసినట్టున్నారండీ అన్నాను. వాళ్ళు నమ్మారు. అదీ ఘోరం. పాటల మాస్టారు రాత్రి భోజనం మానేశాడు. లావుపాటి గొంతుతో పాడే ఆయన పొద్దున్నే పరుగెత్తడం మొదలుపెట్టి కాలు బెణికించుకున్నాడు. హెచ్చుస్థాయి పాడే ఆమె సాధనలో ఊపిరి పీల్చగానే బొత్తాం ఊడి మాస్టారి చెంపకి తగిలిందట. ఆమె నా ముందు కన్నీళ్ళు పెట్టుకుంది. నేను ఓదార్చి, తీపి తగ్గించమన్నాను.

ఆ సాయంత్రమే నీ ఉత్తరం వచ్చింది. చదివి కుర్చీలో కూలబడ్డాను. బల్ల పోయింది, కొట్టు పోయింది అనుకున్నాను. మీ అన్నయ్య వచ్చి ఏమైందన్నాడు. నీ ఉత్తరంలో చెయ్యి సంగతి ఉంది కాబట్టి చూపించలేను. నోటితోనే చెప్పాను, గడి సంగతి, కోట్ల సంగతి, ఊళ్ళో సగం మందిని నేను లావు చేసిన సంగతి. ఆయన మొహం బిగుసుకుంది. తిట్టు పడుతుందని తల వంచాను. చూస్తే నవ్వుతున్నాడు. పరుగెత్తి కాలు బెణికించుకున్నాయన దగ్గరికొచ్చేసరికి గోడ పట్టుకుని నవ్వాడు. వేసవి తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదలు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

తర్వాత కోటు తిప్పి తిప్పి చూసి, మొత్తం విప్పొద్దు, రెండు పక్కలా నల్ల పట్టీ వేద్దాం, చేతుల అంచుకీ, కింద అంచుకీ అదే వేస్తే కావాలని పెట్టినట్టుంటుంది అన్నాడు. చంక దగ్గర పట్టీ వంపు తిరగాలి. ఆయన కొలత చెప్తున్నాడు, నేను ఒక్కో అంకె వెతుక్కుని కొడుతున్నాను. నా నత్తనడక చూడలేక, లే అవతలికి, అని నన్ను లేపి తనే కూర్చున్నాడు. చెయ్యి వణుకుతోంది. ఒక మీట బదులు రెండు నొక్కుతున్నాడు, చెరుపుతున్నాడు, మళ్ళీ నొక్కుతున్నాడు. అంకె పడింది. తెర మీద వంపు సన్నగా, ఎక్కడా తొణక్కుండా వచ్చింది.

ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత, "నా చెయ్యి వణికినా గీత వణకలేదే" అన్నాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను.

చదరం గీసి కొలిచాం, నూటికి నూరు. పట్టీలు ఆయన గీశాడు, నేను కత్తిరించాను. ఇప్పుడు ఇంటింటికీ వెళ్ళి, మీరు లావెక్కలేదండీ అని చెప్పి రావాలి. ఆ పని మాత్రం నాదేనట.

నీకు చెప్పానని ఆయనకి ఇంకా తెలియదు. తెలిస్తే నా పని అయిపోతుంది, గుర్తుంచుకో.

నీ వదిన

—

దర్జీ కొట్టు
కచేరీ మర్నాడు

పిచ్చుకా,

ఈ ఉత్తరం కంప్యూటరులో నేనే కొట్టాను. పొద్దున కూర్చుంటే భోజనాల వేళయింది. మీ వదిన రెండుసార్లు సాయం వస్తానంది, రానివ్వలేదు. ఒక్కో అక్షరం రెండేసి సార్లు పడుతోంది, ఎక్కడైనా మిగిలితే సర్దుకుని చదువు.

కచేరీకి వెళ్ళాం. బొత్తాలన్నీ నిలిచాయి. పట్టీ బాగుందని పక్క ఊరి బృందం వాళ్ళు అడిగారు. మాస్టారు మాత్రం మీ వదినని చూడగానే కడుపు లోపలికి పీల్చుకున్నాడు. లావెక్కలేదని ఎంత చెప్పినా ఆయనకి నమ్మకం కుదరడం లేదట. బల్ల అమ్మడం లేదు, దాని మీద కాగితాలు అతికిస్తున్నాం.

నీకొక మాట చెప్పాలి. నా కుడి చెయ్యి వణుకుతోంది. కొన్నాళ్ళయింది. కత్తెర పట్టలేను, కలం కూడా పట్టలేను, అందుకే నీకు రాయలేదు. తీరిక లేక కాదు. మీ వదినని చెప్పొద్దన్నాను. పాపం, నీకు ఇన్ని ఉత్తరాలు రాస్తూ ఆ మాట కడుపులో దాచుకుంది. ఆవిడకి అదెంత కష్టమో నీకు తెలుసు. నా మాట నిలబెట్టింది కాబట్టి, ఈ సంగతి నేను చెప్పడమే న్యాయం.

బెంగపడకు. కూర్చుని అంకెలు కొట్టగలను, గీత తిన్నగానే వస్తోంది. మీ వదిన నీకు పంపిన కోటు పారెయ్. కొలతలు పంపు, ఈసారి నేను గీస్తాను.

అన్నయ్య

—

వాతావరణ కేంద్రం, కొండ మీద
దారి తెరిచిన రోజు

అన్నయ్యా,

రెండేసి సార్లు పడిన అక్షరాలన్నీ రెండేసి సార్లు చదివాను. నీ చెయ్యి సంగతి చదివి చాలా ఏడ్చాను, గీత తిన్నగా వస్తోందన్న చోట ఇంకా ఏడ్చాను. వచ్చే బండికి దిగుతున్నాను. నువ్వు వద్దన్నా సరే, డాక్టరు దగ్గరికి ఈసారి నేను వెంట వస్తాను.

ఛాతీ ముప్ఫై ఆరు, నడుము ముప్ఫై, చెయ్యి ఇరవై రెండు. పెద్దాఫీసరు గారి చేత టేపు పట్టించి మరీ కొలిపించుకున్నాను. గుడ్డ నీ ఇష్టం.

వదినని ఏమీ అనకు. ఇన్ని ఉత్తరాలు రాసింది, ప్రింటరు గోల తప్ప ఇంకో మాట రాయలేదు. నాకు మొదట చెప్పింది నువ్వే అన్నయ్యా.

నీ పిచ్చుక